మలుపులో కడ్డీ

ఫిట్టర్ గుమ్మం దాటుతూనే తల వంచాడు.

ఆ ద్వారం పొట్టిదని కొత్తవాళ్ళకి తెలియదు. నుదురు బొప్పి కట్టాకే తెలుస్తుంది.

కూతురు అది గమనించింది.

"గోడలకి పట్టుకునే కడ్డీలు పెట్టాలండీ. బాత్‌రూమ్‌లో రెండు, మంచం పక్కన ఒకటి. అమ్మ ఈ ఏడాదిలో రెండుసార్లు పడింది. మూడోసారి పడితే మా ఫ్లాట్‌కి తీసుకుపోతానని చెప్పేశాను."

"నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. పావురాల గూట్లో పెట్టినట్టే!" అంది తల్లి. "బాబూ, మా ఆయన కొన్న ఇల్లిది, ముప్పై ఏళ్ళుగా ఉంటున్నాను. ఇక నన్ను ఇక్కడ ఉంచినా, పంపేసినా నీ కడ్డీలే. గట్టిగా బిగించు."

"అలాగేనమ్మా."

అతను టేపు బయటికి తియ్యలేదు.

"కళ్ళు మూసుకుని మంచం దగ్గర్నుంచి బాత్‌రూమ్ దాకా నడవండమ్మా. నేను పక్కనే ఉంటా."

ఆవిడ చెయ్యి గోడని ఎక్కడ వెతుక్కుంటే అక్కడ సుద్దముక్కతో గీత పెట్టాడు.

"కొలత వద్దా?" అంది కూతురు.

"టేపుకి కళ్ళు తిరగవు కదమ్మా."

నడవా మలుపు దగ్గర చీకటిగా ఉంది. అక్కడో చిన్న మెట్టు. అతను గోడ అలమార పక్క సందులోకి చూడకుండానే చెయ్యి పోనిచ్చాడు.

లైటు వెలిగింది.

ఇంట్లోవాళ్ళకి తప్ప దొరకని స్విచ్ అది. కూతురు అతని చేతివంకే చూసింది.

మూడు కడ్డీలూ అయ్యాక అతను ఆ మలుపులో నేలమీద చతికిలబడ్డాడు. మోకాలి ఎత్తులో ఇంకో కడ్డీకి గోడ తొలవడం మొదలుపెట్టాడు.

"అక్కడెందుకు? పిల్లికా?" అంది కూతురు.

"అవి పడకుండా ఉండటానికి. ఇది పడితే లేవటానికి."

"శుభమా అని పెట్టించుకుంటుంటే ఆ మాటలేంటి? అసలు మీరు ఇదివరకు ఈ ఇంట్లోకి వచ్చారా?"

అతను గోడమీద దుమ్ము ఊదాడు.

"గుమ్మం ఎత్తు తెలుసు. స్విచ్ తెలుసు. ఇక చాలు, మీరు వెళ్ళండి."

"ఒక్క స్క్రూ మిగిలిందమ్మా."

అది బిగించాడు. తన బరువంతా వేసి కడ్డీని మూడుసార్లు లాగి చూశాడు. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

గేటు దగ్గర ఆగి, ఇంటిని ఒకసారి తేరిపార చూశాడు.

"చూశావా అమ్మా, ఎలా చూస్తున్నాడో!"

ఆ సాయంత్రమే కూతురు తాళాలు మార్పించింది.

నెల తిరక్కుండా తల్లి పడింది. ఆ మలుపులోనే.

ఇంట్లో ఎవరూ లేరు. ఫోను గదిలో ఉంది. పిలిచింది. ఎవరికీ వినబడలేదు.

జానెడు దూరం పాకింది. చేతికి చల్లగా ఏదో తగిలింది.

పావుగంట తర్వాత కూతురికి ఫోన్ వచ్చింది.

"పడ్డాను. లేచాను కూడా. కాబట్టి ఇది లెక్కలోకి రాదు."

ఆ మధ్యాహ్నం కూతురు ఫిట్టర్ దుకాణానికి పరుగెత్తింది.

షట్టర్ సగం దించి ఉంది. లోపల అతని భార్య పనిముట్లు తుడిచి పెట్టెలో సర్దుతోంది.

"ఆయన పోయి పది రోజులైందమ్మా. గుండె ఆగిపోయింది."

కూతురు గోడ పట్టుకుని నిలబడింది.

"మా ఇంట్లో కడ్డీలు పెట్టారండీ. పొట్టి గుమ్మం ఇల్లు. నేనే... దొంగేమో అనుకుని పంపేశాను."

ఆమె చేతిలో గుడ్డ ఆగింది.

"ఆ ఇల్లా! ఒకప్పుడు అది మాదే. మా అత్తగారు ఆ నడవా మలుపులోనే పడ్డారమ్మా. ఈయన పనికి వెళ్ళారు. పొద్దున పడిన మనిషికి సాయంత్రం దాకా పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. ఈయన వచ్చేసరికి అయిపోయింది."

ఆమె మళ్ళీ పనిముట్లు తుడవసాగింది.

"ఇల్లు అమ్మేసి ఈ పనిలో పడ్డారు. ఎన్ని ఇళ్ళకి బిగించినా తృప్తి ఉండేది కాదు. మీ ఇంటినుంచి వచ్చిన రోజు మాత్రం కడుపునిండా తిన్నారు. పడుకోబోతూ, 'ఇవాళ మా అమ్మని లేపి వచ్చానే' అన్నారు."