కొట్టని గుమ్మడికాయ

అశ్వత్థప్ప విమానం ఎందుకు కూలిందో బెంగళూరు నగర్తపేటలో అందరికీ తెలుసు. తెలియనిది విచారణకు వచ్చిన అధికారికి ఒక్కడికే.

పాపం, ఆయన కుంటుకుంటూ వచ్చాడు. ఆయుధపూజ మర్నాడు స్కూటర్ జారి పడ్డాడట. కుర్చీ వేసి కూర్చోబెట్టి, అడక్కముందే తలా ఒక మాట అందుకున్నారు. అందరి మాటా ఒకటే. దిష్టి.

అశ్వత్థప్పది మగ్గాలు బాగుచేసే షెడ్డు. ఆ షెడ్డులోనే ఏళ్ళ తరబడి తంటాలు పడి, పుస్తకాలు చూసి, ఒక్కరు కూర్చునే విమానం కట్టాడు. రెక్కలకు గుడ్డ కావలసివస్తే సొంత మగ్గం మీదే నేయించాడు. నేసినవాడికి జరీ అంచు కోయడానికి చేతులు రాలేదు. అంచు అలాగే ఉండిపోయింది. విమానం పెళ్ళికి బయల్దేరినట్టుందని వీధంతా నవ్వింది. అశ్వత్థప్పా నవ్వాడు.

ఆయుధపూజనాడు బెంగళూరులో సైకిలుకు కూడా దండ పడుతుంది. విమానానికి పడొద్దూ? భార్య మునిలక్ష్మి బంతిపూలు, అరటి పిలకలు, ఇంత లావు బూడిదగుమ్మడికాయ తెచ్చింది. పిలకలు కడితే బరువెక్కుతుందన్నాడు అశ్వత్థప్ప. దండ ముందున్న ఫ్యానుకు చుట్టుకుంటుందన్నాడు. గుమ్మడికాయ దగ్గరికొచ్చేసరికి విసుగెత్తి, విమానం ఎగిరేది లెక్కలతో గానీ కాయలతో కాదన్నాడు. కొట్టనని అందరి ముందూ ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు.

దేవనహళ్ళి దగ్గర ఇంకా ఒక్క ఇల్లూ కట్టని లేఅవుట్. అందులో కొత్త తారురోడ్డు. ఎక్కడ దిగాలో సున్నంతో గీత గీసుకుని మరీ ఆ రోజే విమానం ఎక్కాడు. విమానం లేచింది. నవ్వినవాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని ఆకాశంకేసి చూస్తూ ఉండిపోయారు. ఒక చుట్టు తిరిగి, సరిగ్గా గీత మీద దిగింది. దిగీ దిగగానే పక్కకు జారి, సైట్ల హద్దురాళ్ళకు గుద్దుకుంది. అశ్వత్థప్ప అక్కడికక్కడే పోయాడు.

"మొగుడు వద్దంటే ఊరుకుండేదానా?" అంది అధికారితో అశ్వత్థప్ప తల్లి అక్కయమ్మ. "ఒక్క కాయ కొట్టింటే నా కొడుకు ఉండును గదప్పా."

ఆ రోజు నుంచి ఆవిడ కోడలి చేతి మంచినీళ్ళు ముట్టలేదు. వీధిలో కూడా మునిలక్ష్మి ఎదురైతే ముఖం తిప్పుకుంటున్నారు. ఆమె తలుపు వారగా తల దించుకుని నిలబడి ఉంది. చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

అధికారికీ జాలేసింది. మంచివాడు. ఇంజను ఆగలేదనీ, రెక్క విరగలేదనీ, కట్టినవాడి పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదనీ చెప్పాడు. చక్రాలెందుకు జారాయన్నదే అంతుపట్టడం లేదన్నాడు. రోడ్డు మీద నూనె లేదు, నీళ్ళు లేవు. పోలీసులు వెళ్ళేసరికి నెమరేస్తున్న ఆవులు తప్ప ఏమీ లేవట.

"ఒకటి మాత్రం రాసిస్తానమ్మా," అన్నాడు అక్కయమ్మతో. "గుమ్మడికాయ కొట్టనందువల్ల మీవాడు పోలేదు. మీ కోడలి తప్పేం లేదు."

చదువుకున్నవాడి మాట. అక్కయమ్మ చాలాసేపు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత కోడలి వైపు చెయ్యి చాచింది. నోరు ఎండిపోతోంది, కాసిని నీళ్ళు ఇమ్మంది.

ఆ మాటకు మునిలక్ష్మి భోరుమంది. ఇంత మంచి మనుషుల దగ్గర ఇంకా దాచడం అన్యాయమనిపించింది. చెంబు తెచ్చి అత్త చేతికిచ్చి, అధికారికి దణ్ణం పెట్టింది.

"ఆయనకిచ్చిన ఒట్టు తప్పినాను సార్, ఆయన పైన తిరగతా ఉంటే మనసు నిలవక, చల్లగా దిగాలని దేవునికి మొక్కి, ఆ సున్నపు గీత మీదే అంత పెద్ద కాయ కొట్టేసినాను."