కిటికీ అవతలి మనిషి

“రోకలితో అలా పొడవకండమ్మా. రెక్క చీలిపోద్ది.”

ఇంటి వెనక కిటికీ ఊచల్లోంచి రెక్కని పొడుస్తున్న అచ్చాయమ్మ ఉలిక్కిపడి తిరిగి చూసింది.

కాలవ గట్టు మీద ఎవరో మనిషి. యాభై ఏళ్లుంటాయి. చేతిలో గోనెసంచి. ముక్కు మీదుగా చుట్టుకున్న తువ్వాలు.

“చీలితే చీలనీ! లోపల పిల్లాడు ఊపిరాడక నల్లబడిపోతున్నాడు,” అందామె.

పందొమ్మిది వందల యాభై ఒకటో సంవత్సరం వానాకాలం అది. నెల్లాళ్ల ముసురుకి కిటికీ ఉబ్బి బిగుసుకుపోయింది. ఉన్నవి రెండే గదులు. ఒకదాని నిండా ధాన్యం బస్తాలు. రెండోది వంటింటికి ఆనుకుని ఉంది. తడిసిన కొబ్బరి మట్టలు పొయ్యిలో పెడితే మంట కంటే పొగే ఎక్కువ. మూడు నెలల మనవడికి దగ్గు పట్టుకుంది. పొగ కమ్మినప్పుడల్లా గుక్క తిప్పుకోలేకపోతున్నాడు. అరుగు మీద పడుకోబెడదామంటే జల్లు.

కొడుకు వీర్రాజు కొబ్బరికాయల పడవ మీద వెళ్లాడు. ఊరి వడ్రంగి తాతబ్బాయి పెళ్లి మంచం పనికని ముమ్మిడివరం పోయి కూర్చున్నాడు.

“మధ్యలో కాదండి. కింది మూల, కుడిచేతి వైపు నెట్టండి. లోపలి వాళ్లని అదే సమయానికి రెక్క పైకెత్తమనండి.”

“ఆ చెప్పేదేదో వచ్చి ఓ చెయ్యి వెయ్యరాదూ?”

“ఇక్కణ్ణించే చెబుతానండి.”

అతను గట్టు దిగి పెరటి చివరున్న కొబ్బరిచెట్టు దాకా వచ్చాడు గానీ, దాన్ని దాటి అడుగు ముందుకు వెయ్యలేదు. సన్నటి జల్లులో తడుస్తూ అక్కడే నిలబడ్డాడు.

అచ్చాయమ్మకి అర్థమైంది. హరిజనపేట మనిషి. ఇంక రమ్మనలేదు.

లోపల కోడలు కామాక్షి రెక్క పైకెత్తింది. బయటి నుంచి అత్తగారు మూల నెట్టింది. కిర్రుమంటూ కిటికీ తెరుచుకుంది.

పొగ బయటికి తోసుకొచ్చింది. కాలవ గాలి లోపలికి దూరింది. పిల్లాడు గట్టిగా ఒక్కసారి దగ్గి, ఏడుపు లంకించుకున్నాడు.

“ఏడిచేడు! ఇంక భయం లేదు,” అన్నాడతను, వాళ్లిద్దరికంటే ముందు.

అచ్చాయమ్మ పరుగున లోపలికెళ్లి పిల్లాణ్ణి ఎత్తుకుంది.

“అప్పుడే మూసెయ్యకండి అమ్మాయిగారూ. మళ్లీ పట్టేస్తుంది. జబ్బు చెక్కది కాదు, పై మడతబందుది. మరలు వదులై రెక్క కిందికి దిగిపోయింది.”

“ఏం చెయ్యమంటావు?” అంది కామాక్షి.

“మరలు ఊడదీసి, ఆ బెజ్జాల్లో చీపురు పుల్లలు విరిచి కుక్కండి. అయ్యిందా? ఇప్పుడు మర పెట్టి చాకు మొనతో తిప్పండి. బిగుస్తోందా?”

“ఆయ్, బిగుస్తోందండీ!”

ఆ ‘అండీ’ విని అచ్చాయమ్మ కోడలి వైపు ఓరగా చూసింది.

“రెక్క అంచుకి బొగ్గు రాసి, మూసి తియ్యండి. కిటికీ చట్రానికి మసి ఎక్కడ అంటితే అక్కడే రాసుకుంటోందన్నమాట. అంతవరకే గాజు పెంకుతో గీకండి. ఎక్కువ గీకేరంటే ఎండాకాలం సందు పడుద్ది. పాములొస్తాయి.”

“పాములా!”

“భయపడకండి. ఆ సందుకి తేళ్లే పడతాయి.”

కామాక్షి నవ్వింది. పది రోజుల్లో ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

“ఆఖర్న అంచుకి కొవ్వొత్తి రాయండి. ఆముదం బందులకి మాత్రమే. ఏదీ, ఒకసారి వెయ్యండి.”

వేలితో నెడితే మూసుకుంది. వేలితో లాగితే తెరుచుకుంది. అతని చెయ్యి మాత్రం దేన్నీ తాకలేదు.

అచ్చాయమ్మ అరిటాకులో అన్నం, పప్పు పెట్టి చెట్టు మొదట్లో ఉంచింది. ఆమె వెనక్కి వచ్చేదాకా ఆగి, ఆకు తీసుకుని కాలవ గట్టు మీదికి పోయి తిన్నాడు. తిన్న ఆకు మట్టిలో పూడ్చాడు.

“చూసేవటే! ఒక్క అడుగు హద్దు దాటలేదు. ఇంత మర్యాద తెలిసినవాణ్ణి పేటలో ఇంకోణ్ణి చూళ్లేదు,” అంది అచ్చాయమ్మ.

కామాక్షి కిటికీలోంచి పిలిచింది. “మీ పేరేంటండీ?”

అతను అప్పటికే దూరం వెళ్లిపోయాడు. “బాబుకి పొగ తగలనివ్వకండీ!” అని మాత్రం వినిపించింది.

పదిహేను రోజులకి పిల్లాడి దగ్గు పూర్తిగా తగ్గింది. పడవ దిగి వచ్చిన వీర్రాజు చేతిలో అచ్చాయమ్మ కొత్త పంచె, అరటిగెల పెట్టింది.

“పేటలో వెతికి ఇచ్చి రారా. నీ కొడుకు బతికింది ఆయన వల్లే. దణ్ణం పెట్టి మరీ ఇవ్వు.”

వీర్రాజు పేటంతా తిరిగాడు. అలాంటి మనిషిని ఎవరూ ఎరగరు. చివరికి ఆ పేటవాడే అయిన బడి మేస్టారు యాకోబుని అడిగాడు.

ఆయన అంతా విని చిన్నగా నవ్వాడు.

“దూరంగా నుంచున్న ప్రతివాడూ మావాడేనాండీ, వీర్రాజు గారూ?”

వీర్రాజు పంచె మడిచి చంకన పెట్టుకున్నాడు. గెల భుజాన వేసుకుని తిరిగి వచ్చేశాడు.

మర్నాడు తాతబ్బాయి ఊళ్లోకి వచ్చాడని తెలిసి అచ్చాయమ్మ ఇంటికి పిలిపించింది. “నువ్వు లేకపోయినా మా కిటికీ ఎలా బాగుపడిందో చూడు,” అంటూ జరిగిందంతా చెప్పింది.

తాతబ్బాయి కిటికీ రెండుసార్లు తీసి మూశాడు.

“చెట్టు కింద నుంచుని, నోటితో చెప్పి చేయించేరాండి?”

“ఆయ్. ఎవరో తెలుసా నీకు?”

“ఏడాదిగా మాకూ పని అలాగే చెబుతూ వచ్చేరండి. మామిడికుదురు గంగయ్య గారు. నాకు ఉలి పట్టడం నేర్పిన గురువు. నా కోసమే వచ్చుంటారు ఆ రోజు.”

అచ్చాయమ్మ తెల్లబోయింది. “మీ వడ్రంగాయనా! మరి అరుగెక్కడానికేం? వానలో అలా నుంచుండిపోయేరేం?”

తాతబ్బాయి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

“క్షయ అండి ఆయనకి. పసిపిల్లలున్న ఇంటి గాలి పాడు చెయ్యకూడదని, సొంత మనవణ్ణి కూడా ఒక్కసారైనా ఎత్తుకోకుండానే మొన్న శనివారం పోయేరండి.”