ఐలవ్వ బుగ్గ

ఐలవ్వ నోరు తెరిచింది. డాక్టర్ లక్ష్మీకాంతరావు టార్చి వేసి రెండు బుగ్గల లోపలా చూశాడు. కుడి బుగ్గలో రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ ఉంది.

"గీ పొర మంచిగ లేదమ్మా. తంబాకు బంద్ చెయ్యాలె. మూడు నెలలు పడ్తది" అన్నాడు.

పక్కనే ఉన్న సిద్దిరాములు దిగులుగా పెళ్ళాం మొహంలోకి చూశాడు. ఆపరేషన్ అతనికే. వడ్ల బస్తాతో సైకిల్ తొక్కుతూ జారి నడిమి రాడ్ మీద పడ్డాడు. ఆ దెబ్బకు మూత్రం వచ్చే దారి మూసుకుపోయింది. ప్రస్తుతానికి పొత్తికడుపులోంచి ఒక గొట్టం, దాని కొసకు ఒక సంచి. బుగ్గ లోపలి పొర తీసి దానితో కొత్త దారి కట్టే విద్యను ఈ కరీంనగర్ డాక్టరు ఈ మధ్యే నేర్చుకొచ్చాడు.

ఆ సంగతంతా ముందు సిద్దిరాములుకే చెప్పాడు. సిద్దిరాములు బయటికి వచ్చి, రోగి పొర రోగికి పనికిరాదట, ఇంట్లో మనిషిది కావాలట అని ఐలవ్వను లోపలికి పిలుచుకొచ్చాడు. ఒకప్పుడు తమ్ముడికి రక్తం ఇచ్చిన మనిషి ఆమె. బుగ్గ ఇవ్వడం ఆమెకు పెద్ద లెక్క కాదు.

తంబాకు మానడమే పెద్ద లెక్క.

చొప్పదండిలో ఆమె బీడీలు చేస్తుంది. పొద్దంతా ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఒక చిటికెడు బీడీలోకి, ఇంకో చిటికెడు బుగ్గలోకి. ఇరవై ఏళ్ళుగా అదే వరస. మానుకొమ్మని సిద్దిరాములు బతిమాలాడు, అలిగాడు, రెండు రోజులు అన్నం కూడా మానేశాడు. నిన్నైనా విడుస్తాను గాని దీన్ని విడవనని ఆమె నవ్వేసేది.

ఇప్పుడు మాత్రం నవ్వలేదు. కంపెనీవాళ్ళు చెడ్డ బీడీలు ఏరి పారేసినట్టు డాక్టరు తన బుగ్గను పక్కన పెట్టడం ఆమెకు రోషం తెప్పించింది. ఆ రోజే మానేసింది.

మొదటి వారం తల పగిలిపోయేది. కనబడ్డవాళ్ళనల్లా తిట్టింది. పుట్నాలు, కొబ్బరిముక్కలు, వేయించిన చింతగింజలు నమిలింది. నీ బుగ్గను అక్కడ పెడితే నీ మొగుడు ఇక నీ మాట దాటి ఎక్కడికి పోతాడని పక్కింటి యాదవ్వ అంటే, బీడీలు చేసే ఆడవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ ఐలవ్వే నవ్వింది.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం ఆమె చెయ్యి దానంతటదే చిటికెడు తంబాకును పెదవుల దాకా తెచ్చింది. అప్పుడే సిద్దిరాములు లుంగీ మాటున సంచి దాచుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. ఐలవ్వకు ఏడుపొచ్చింది. తంబాకును చాటలోకి దులిపేసింది.

ఆ నెలలోనే గొట్టం దగ్గర చీము పట్టి అతనికి జ్వరం వచ్చింది. ఐలవ్వ హడలిపోయింది. బుగ్గ ఎట్లా ఉంటే అట్లాగే కోసి పెట్టమని డాక్టరుతో కొట్లాడతానని లేచింది. సిద్దిరాములు మూలుగుతూనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"జర ఓపిక పట్టవే. ఇంకొక్క నెలనే గదా. నాకేం గాదు."

మందులకు జ్వరం తగ్గింది. చెన్నూరులో మేనల్లుడి పెళ్ళికి మాత్రం సంచితో పోలేక అతను ఇంట్లోనే ఉండిపోయాడు.

మూడో నెలలో ఐలవ్వ పచ్చిమిరపకాయ తొక్కు కలుపుకుని అన్నం తిన్నది. మంట పుట్టలేదు. రెండేళ్ళుగా ఆమె కారం ముట్టింది లేదు. సిద్దిరాములు సంబరం పట్టలేక తన కంచంలోది కూడా ఒక ముద్ద ఆమెకు పెట్టాడు. ఆపరేషన్ దగ్గరపడిందని పాపం ఎంత ఆశపడుతున్నాడో అనుకుంది ఐలవ్వ.

డాక్టరు మళ్ళీ టార్చి వేశాడు. ఈసారి నవ్వాడు. మచ్చ పోయిందని, మర్నాడే ఆపరేషన్ అని చెప్పాడు.

మర్నాడు ఐలవ్వ తలకు పోసుకుని, మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఆపరేషన్ గది ముందు కూర్చుంది. మొగుణ్ణి లోపలికి తీసుకుపోయారు. తననెప్పుడు పిలుస్తారా అని వచ్చే పోయే ప్రతి నర్సు వంకా చూసింది. ఎవరూ పిలవలేదు. మూడు గంటల తర్వాత డాక్టరే బయటికి వచ్చి, అంతా మంచిగా అయిందని, మూడు వారాల్లో గొట్టం కూడా తీసేస్తానని చెప్పాడు.

ఐలవ్వ దండం పెట్టబోయి ఆగిపోయింది.

"గదేంది సారూ? నా బుగ్గ తియ్యనే లేదు గదా."

డాక్టరు ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"పెట్టింది ఆయన బుగ్గ పొరనే అమ్మా, మూడు నెలల కిందనే ఆపరేషన్ చేస్తనంటె, నీ నోట్లె మచ్చ మానేదాక ఆగుమని నీ పెనిమిటే నన్ను బతిమాలిండు."