గోళీ మెడలో గంట

బట్టలు కుట్టే కొట్టులో ఆమె ఒక్కతే ఉంది. చివరి చొక్కాకు గుండీలు కుట్టేసరికి రాత్రి పది దాటింది. మిషను ఆపగానే కాళ్ల దగ్గర గంట గలగలమంది. గుప్పెడంత కుక్క గోళీ ఖాళీ మూలకేసి చూస్తూ, మెడలో గంటతో సహా గజగజ వణుకుతోంది.

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. కుక్కల డాక్టరైన అక్కకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

“అక్కా, గోళీ ఉన్నట్టుండి వణికిపోతోంది! ఆ మూలలో ఏం కనిపిస్తోందో ఏమో.”

“మూల సంగతి సరే, తిండెప్పుడు పెట్టావు?”

ఆమె నాలుక కరుచుకుంది. పని హడావుడిలో పొద్దుటినుంచీ ఏమీ పెట్టలేదు.

“అదీ సంగతి! బుల్లి కుక్కలు పస్తుంటే ఒంట్లో చక్కెర పడిపోయి ఇలాగే వణుకుతాయే. చిగుళ్లకు చక్కెర నీళ్లు రాయి. తేరుకున్నాక తిండి పెట్టు. తగ్గకపోతే వెంటనే తీసుకొచ్చెయ్.”

రాసింది. కాసేపటికి గంట ఆగింది. గోళీ రొట్టె ముక్క తిని ఒళ్లో ముడుచుకుంది. గంట గుచ్చుకోకుండా ఆమె దాని మెడపట్టీ విప్పి, గంటతో సహా మిషను సొరుగులో పడేసి మూసింది.

“హమ్మయ్య! నిద్రపోయిందక్కా.”

“నిద్రపోతే గంట మోగుతోందేమిటే ఇంకా?”

ఆమె ఒళ్లోకి చూసుకుంది. గోళీ హాయిగా గురక పెడుతోంది. వణుకు లేదు.

మూసిన సొరుగులో గంట మాత్రం సన్నగా మోగుతూనే ఉంది.