మందులతో పనిలేదు

"ఈ ఒక్క ముక్క తీసెయ్యాలి సార్," అంది డ్రగ్ ఇన్‌స్పెక్టర్ నిషిత, సబ్బు పెట్టె మీద వేలు పెట్టి. "లేదంటే ఈ సరుకంతా నేను పట్టుకుపోవలసి వస్తుంది."

ఎడ్విన్ కళ్లజోడు సవరించుకుని, తను రాసినదాన్నే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. 'గజ్జి, తామర, మానని పుండ్లు మాయం. మందులతో పనిలేదు.'

భానూర్‌లో ఆ ఇంటి వెనుక రేకుల గదిలో వేపనూనె, కొబ్బరినూనె, పసుపు కలిపి సబ్బులు చేసేది ఆయన భార్య సుకుమారి. పెట్టెలు, లేబుళ్లు, అమ్మకం ఎడ్విన్ వంతు. ఆయన పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌గా రిటైరైన మనిషి. లేబుల్ వెంట్రుకవాసి వంకరపోయినా పెట్టెలకు పెట్టెలు వెనక్కి పంపినవాడు. అలాంటి తన లేబుల్‌నే ఒకరు తప్పుపట్టడం ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది.

"జెర మంచిగ సూడుండ్రి మేడమ్. బ్యాచ్ నంబరున్నది. తయారైన తేదీ, బరువు, ధర, ఏమేం కలిపినమో, ఇంటి అడ్రసు, అన్ని ఉన్నయి. ఒక్కటి ఇడిసిపెట్టలే."

నిషిత కాదనలేదు. ఇంత శుభ్రమైన లేబుల్ ఈ మధ్య చూడలేదని కూడా అంది. అయినా రెండు లోపాలున్నాయని నెమ్మదిగా వివరించింది. ఒంటికి రుద్దుకునే సబ్బు తయారుచేసి అమ్మాలంటే లైసెన్సు కావాలి, అది లేదు. పైగా రోగం నయం చేస్తుందని రాశాక అది సబ్బు కాదు, చట్టం దృష్టిలో మందు. మందంటే పరీక్షలుండాలి, రుజువులుండాలి.

రుజువు ఎడ్విన్ దగ్గర సిద్ధంగానే ఉంది. వెనుక గల్లీ దేవమ్మ. షుగర్ ఉన్న మనిషి, కాలి వేలి దగ్గర పుండు. ఈ లేబుల్ ఎవరిచేతనో చదివించుకుని, దవాఖానకు పోవడం మానేసి, ఈ సబ్బుతోనే కడుక్కుంటోంది. అదంతా ఆయన గర్వంగానే చెప్పాడు.

నిషిత పెన్ను ఆగింది. "పుండు మానిందా?"

"మానుతది. ఇప్పుడు మూడో సబ్బు నడుస్తున్నది."

"మీరు చూశారా సార్?"

చూడలేదు. ప్యాకింగ్ సెక్షన్‌లో చూడకుండా సంతకం పెట్టినవాణ్ణి ఎడ్విన్ ఏనాడూ ఊరికే వదల్లేదు.

సుకుమారి మజ్జిగ గ్లాసు తెచ్చి ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టి, గడపలోనే నిలబడిపోయింది. సరుకు పోతుందని దిగులు పడుతోందనుకుని, పరేషాన్ కావద్దని భార్యకు సైగ చేశాడు ఎడ్విన్.

నిషిత సరుకు పట్టుకుపోలేదు. ఆ లేబుళ్లన్నీ చింపెయ్యాలని, అమ్మిన సబ్బులు వెనక్కి తెప్పించాలని, లైసెన్సు వచ్చేదాకా అమ్మకం ఆపాలని కాగితం మీద రాసి ముందుకు జరిపింది. ఆ కాగితం చూడగానే ఎడ్విన్ నడుము నిటారైంది. కంపెనీలో ఇలాంటివి ఎన్నో చూశాడు. వాటితో వాదించేది ఉండదు, సరిదిద్దుకునేదే. లోపలికి వెళ్లి నీలం పెన్ను తెచ్చుకుని, సంతకం చేసి, పక్కన తేదీ వేసి, అలవాటుకొద్దీ టైము కూడా వేశాడు.

"ఈ కంప్లైంట్ ఎవరిచ్చిన్రు మేడమ్? బొంతపల్లి కాడ సబ్బులమ్మే రాములేనా?"

పేరు చెప్పకూడదని నవ్వి, మజ్జిగ తాగి వెళ్లిపోయింది నిషిత.

ఆమె బండి సందు దాటకముందే ఎడ్విన్ స్కూటర్ బయటికి తీశాడు. అమ్మిన సరుకులో ముందు వెనక్కి రావలసింది దేవమ్మ ఇంటి నుంచే.

దేవమ్మ సబ్బు ఇవ్వనంది. "మంచి వాసనొస్తదన్నా, ఉండనియ్యి."

"వాసన సంగతి కాదమ్మా. కాలు సూపియ్యి."

ఆమె గుడ్డపీలిక విప్పింది. ఎడ్విన్ సబ్బు తీసి జేబులో వేసుకున్నాడు. ఆమెను స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని నేరుగా దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టర్ పుండు కడిగి, కట్టుకట్టి, సమయానికే తెచ్చారన్నాడు. ఇంకొన్నాళ్లు ఆగితే వేలు తీసెయ్యవలసి వచ్చేదట. ఇప్పుడు మందులతోనే మానుతుందట. ఆ మాట ఎడ్విన్ రెండోసారి అడిగి చెప్పించుకున్నాడు. తిరిగొచ్చే దారిలో గుంత కనిపించినప్పుడల్లా బండిని దాదాపు ఆపి, మెల్లగా దాటించాడు. వెనుక దేవమ్మ, సబ్బు తీసుకుంటే తీసుకున్నావు గానీ వేరేదన్నా కొనియ్యమని అడుగుతూనే ఉంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సుకుమారి పెట్టెల మీది లేబుళ్లన్నీ పీకి కుప్ప పోసింది. ఎడ్విన్ వంటగది గుమ్మంలో కూలబడి, కాలు ఎట్లున్నది, డాక్టర్ ఏమన్నడు, అంతా చెప్పాడు.

"ఆ కంప్లైంట్ ఇచ్చినోడు ఎవడైతేంది సుకుమారీ, దేవుడు వాన్ని సల్లగ సూడాలె. రాములే అయితే రేపు బొంతపల్లి పోయి వందనం చెప్పొస్త."

సుకుమారి చాయ్ వడగడుతూ తలెత్తలేదు.

"గంత దూరం ఎందుకు? నేను చెప్తే ఇనకపోతిరి. ఇన్‌స్పెక్టర్ చెప్తే ఇంటరని నేనే ఫోన్ చేసి పిలిపించిన."