బచ్చలి మడిలో నత్త

పన్నెండో అంతస్తు మీది బచ్చలి మడిలోంచి తనిఖీ డ్రోను ఒక నత్తను పైకి తీసింది.

"పిల్ల రాకాసి నత్త, ఎదిగితే తోటంతా మేసేస్తుంది. సాయంత్రం మడంతా ఉప్పు చల్లుతాను," అని మర్యాదగా చెప్పింది.

ఉప్పు పడితే బచ్చలీ చస్తుందని సన్యాసమ్మకు తెలుసు. మూడేళ్లుగా పెంచుకున్న మడి అది. ఊళ్లో ప్రతి మేడ మీదా తోటే, ప్రతి తోటకూ డ్రోనే. దాని మాటకు తిరుగులేదు.

పక్కింటి పైడితల్లి వచ్చి నత్తను అందుకుంది. కుండలు చేసే మనిషి. గుల్ల అంచు మీద బొటనవేలు తిప్పింది.

"పిల్లేటి, నీ మొహం! రాకాసిదానికి ముసిలైనా అంచు పల్చగానే ఉంటాది. దీనిది సూడు, కుండ మూతిలాగ మందంగా బయటికి తిరిగింది. ఎదిగిపోయిన మన కొండనత్త ఇది, ఎండుటాకులే తింటాది."

"పైనుంచి రెండూ ఒకేలా ఉంటాయి," అంది డ్రోను.

"మరి పక్కకొచ్చి సూడవేం?"

డ్రోను ఒరిగి గుల్ల అంచును చాలాసేపు చూసింది.

"ఉప్పు వద్దు. ఇంకొకటి చూపిస్తారా?"

ఆడవాళ్లిద్దరూ ఆకులెత్తి వెతికారు. నాలుగో నత్త దొరికేసరికి, పైడితల్లి వేలు తిప్పేలోగానే డ్రోను కేకేసింది: "ఇదీ మనదే!"

సన్యాసమ్మ బచ్చలి తీగలు పట్టుకుని పకపకా నవ్వింది.