మూడో చరణం

"ఆ రికార్డు నా కొట్లో తిప్పావంటే సుత్తితో రెండు ముక్కలు చేస్తాను," అన్నాడు వడ్రంగి.

అన్న కూతురు విననట్టే బల్ల మీది రంపప్పొట్టు ఊదేసి, వెంట తెచ్చుకున్న రికార్డు ప్లేయర్ అక్కడ పెట్టింది.

"జానపదాన్నీ పంక్ రాక్ సంగీతాన్నీ కలిపిన ఆణిముత్యమని ముప్పై ఏళ్లుగా లోకమంతా వింటోంది బాబాయ్. మీ బృందంలో వినంది మీరొక్కరే."

"నా ఫిడేలు చెరిపేసి ఎవడిదో అతికించుకున్నారుగా, నేనెందుకు వినాలి?"

"అలాగని ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? ఆఖరి పాట రికార్డింగు అయ్యీ అవగానే, మూడో చరణంలో వెనకబడ్డావురా అన్నాడు మీ నాన్న, అందరి ముందూ. నేను లయ తప్పానట. ఫిడేలు కమాను నేలకేసి కొట్టి, ఇంకొకణ్ణి తెచ్చుకోమని చెప్పి వచ్చేశాను. తెచ్చుకోకుండా ఉంటారా?"

ఆమె రికార్డు అట్ట చూసింది. దాని మీద తిరగబడ్డ కుర్చీ బొమ్మ తప్ప ఎవరి పేరూ లేదు. పేర్లు వేసుకోవడం పెద్దమనుషుల పని అని ఆ రోజుల్లో నలుగురిదీ ఒకటే పంతం.

"వచ్చే నెల పాత నలుగురూ కలిసి వాయించాలని నాన్న ఆశ. ఎదురుగా వ్యాన్‌లో కూర్చున్నారు. మీరు పిలిస్తే వస్తారు. లేదంటే ఈ జన్మకి మీ గుమ్మం తొక్కనన్నారు."

"తొక్కమని ఇక్కడెవడు ఏడ్చాడు?"

ఆమె ముల్లు దించింది. గిటార్లు తలుపులు బాదినట్టు మొదలయ్యాయి. నాట్లు వేసేటప్పుడు పాడుకునే బాణీని ఎవరో గొంతు చించుకుని అరుస్తున్నారు. వడ్రంగి ప్లేయర్‌వైపు వీపు తిప్పి, తలుపు చెక్కకి చిత్రిక పట్టసాగాడు. ఒక వైపు అయిపోయింది. ఆమె రికార్డు తిరగేసింది. "గోల," అన్నాడతను. "పిల్లి తోక మీద కాలేసినట్టుంది వాడి ఫిడేలు." చిత్రిక మాత్రం పాటతోపాటే నడుస్తోంది.

ఆఖరి పాట మూడో చరణంలో అతని చెయ్యి ఆగిపోయింది.

"వెనక్కి పెట్టు."

ఆమె ముల్లు వెనక్కి జరిపింది.

"విన్నావా? ఈడుస్తున్నాడు. ముసలెద్దు బండి లాగినట్టు ఈడుస్తున్నాడు వెధవ." వడ్రంగి ముఖం వెలిగిపోయింది. ముప్పై ఏళ్ల కడుపుమంట ఒక్కసారిగా చల్లారింది. "పిలువు మీ నాన్నని. మొహం మీదే చెబుతాను."

అన్న చేతికర్ర ఊతంతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తమ్ముడు కూర్చోమని అనలేదు. ఆ పాటే మళ్లీ మొదటినుంచి వేయించాడు. మూడో చరణం రాగానే వేలు చూపించాడు.

"నన్ను కాదని తెచ్చుకున్న మొనగాడు వీడేనా? వెనకబడ్డాడా లేదా? ఒప్పుకో."

"ఒప్పుకున్నాను. వెనకబడ్డాడు," అన్నాడు అన్న.

"మరి వీణ్ణెలా ఉంచుకున్నావు?"

"తీసేద్దామనే అనుకున్నాం. తీరా వింటే, పాటకి ప్రాణం ఆ వెనకబాటులోనే ఉంది. జనం కూడా దానికే ఏడ్చారు. నాకే ఆ రోజు చెవుల్లేవు."

"చెవులు నీకు ఇప్పుడూ లేవు. వీడికి ఫిడేలు నేర్పిన వాణ్ణి చెట్టుకి కట్టేసి కొట్టాలి."

"మనకి నేర్పింది నాన్నేరా," అన్నాడు అన్న మెల్లగా.

ఆ మాటకి అర్థమేమిటో వడ్రంగికి తట్టలేదు. పాట అయిపోయింది. ప్లేయర్ ఆపబోతే అన్న కూతురు అతని మణికట్టు పట్టుకుంది.

"ఇంకా ఉంది బాబాయ్."

రికార్డు కాసేపు బుసబుసమంటూ తిరిగింది. తర్వాత కర్రపుల్లలాంటిదేదో నేలకి తగిలిన చప్పుడు. ఆ వెనకే, కోపంతో వణికిపోతున్న ఒక పడుచువాడి గొంతు:

"నేను వెనకబడ్డానా అన్నయ్యా? అయితే ఇంకొకణ్ణి తెచ్చుకో. ఈ పాటలు నేను చచ్చినా వినను."